కిటికీలకి ఏ గ్లాసు వెయ్యాలి? మన శ్రీకాకుళం ఎండకీ తుఫానుకీ సరిపోయేది ఎంచుకోవడం ఎలగ

ఇల్లు కడుతున్నప్పుడు సిమెంటు గురించి, ఇనుము గురించి నెలలకి నెలలు మాట్లాడుకుంటాం, టైల్స్ కోసం నాలుగు షాపులు తిరుగుతాం, గ్లాసు దగ్గరకి వచ్చేసరికి మాత్రం చేతిలో డబ్బులూ అయిపోతాయి ఓపికా అయిపోతాది. మా ఇంట్లో కూడా అంతే. అల్యూమినియం పని చేసే అబ్బాయి టేపు పట్టుకుని వచ్చి పన్నెండు కిటికీలూ కొలిచేసి "బ్లూ రిఫ్లెక్టివ్ ఏసేద్దామా మేడం, ఇప్పుడందరూ అదే ఏయిస్తన్నారు" అన్నాడు, మా ఆయన సరే అనబోయారు, నేను ఆగమన్నాను. ఆ తర్వాత మూడు వారాల పాటు షాపుల్లో అడిగీ, అక్క వాళ్ళింట్లో చూసీ, కనిపించిన ప్రతీ కిటికీ తట్టీ నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా, మీరు కడుతుంటే గానీ పాత కిటికీలు మారుస్తుంటే గానీ పనికొస్తాది.

నేను ఆగమనడానికి కారణం 2018 అక్టోబరు 11. తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన ఆ తెల్లవారుజామున నేను మా పుట్టింట్లో ఉన్నాను, సోంపేట అవతల పల్లెటూరు. హాల్లో 4 అడుగుల స్లైడింగ్ కిటికీ, దానికి 4 మిల్లీ సాదా గ్లాసు. రాత్రంతా ఆ తలుపులు ట్రాక్‌లో గడగడలాడుతూనే ఉన్నాయి, అమ్మ ఎప్పుడూ ఆ కిటికీ కిందే మంచం వేసుకుంటాది, ఆ రోజు ఎందుకో నాన్న ఆవిణ్ణి బలవంతంగా లోపలి గదిలోకి పంపారు. తరవాత కాసేపటికి కొబ్బరి మట్ట ఒకటి ఎగిరొచ్చి కొట్టింది. తెల్లారాక చూస్తే అరచెయ్యంత త్రికోణం ముక్క ఒకటి పరుపులో నిలువుగా దిగిపోయి ఉంది, దాన్ని లాగడానికి నాన్న గుడ్డ చుట్టుకుని రెండు చేతులతో లాగాల్సొచ్చింది. గ్లాసు పోయిన దారిలోంచి గాలి లోపలికొచ్చి వెనక వంటింటి రేకులు కూడా లేచిపోయాయి. ఊళ్ళో కొబ్బరి, జీడి తోటలన్నీ పడిపోయిన బాధలో కిటికీ గురించి ఎవరూ మాట్లాడలేదు గానీ ఆ పరుపులో ముక్క మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళల్లోనే ఉంది.

అందుకే ముందు ఒక్క మాట చెప్పేస్తాను. ఇల్లంతటికీ ఒకటే గ్లాసు అన్న ఆలోచన వదిలెయ్యండి. పడమర గోడకి కావలసింది వేరు, బాత్రూముకి వేరు, పిల్లలు పరిగెత్తే బాల్కనీ తలుపుకి వేరు. ఒక్కో కిటికీ ముందు నిలబడి ఇది పగిలితే ఎవరి మీద పడుతాది, గాలి ఎటు నుంచి కొడతాది, ఎండ ఏ టైముకి వస్తాది, బయటోళ్ళకి లోపల కనిపిస్తాదా, ఈ నాలుగూ అడుక్కుంటే సగం సమాధానం అక్కడే దొరికేస్తాది. ఈ నాలుగింట్లో నేను మొదటిదే మొదట పెడతాను, వేడికి కర్టెన్ వేసుకోవచ్చు, గాజు ముక్కకి ఏమీ వేసుకోలేం.

సాదా గ్లాసు, షాపులో ప్లెయిన్ అంటారు, దీన్నేమీ తీసిపారెయ్యక్కర్లేదు. వెలుతురు బాగా వస్తాది, చవక, మనూళ్ళోనే ఏ గ్లాసు షాపులో అయినా కోసి ఇస్తారు, పగిలితే ఆ సాయంత్రానికే కొత్తది వేసుకోవచ్చు. చిన్న కిటికీలకి, సన్‌షేడ్ బాగా ఉన్నవాటికి, గ్రిల్ వెనక ఎత్తులో ఉన్న వెంటిలేటర్లకి ఇదే చాలు. కాకపోతే మందం దగ్గర పిసినారితనం వద్దు. 3.5 మిల్లీ, 4 మిల్లీ అంటే పటం కట్టడానికి బాగుంటాది గానీ మన తీరం గాలికి కాదు, కనీసం 5 వెయ్యండి. బరువు లెక్క కూడా గుర్తుంచుకోండి, మిల్లీకి చదరపు మీటరుకి రెండున్నర కిలోలు, అంటే 5 మిల్లీ గ్లాసు చదరపు మీటరు పన్నెండున్నర కిలోలు తూగుతాది, మందం పెంచేకొద్దీ స్లైడింగ్ రోలర్లు కూడా గట్టివి పడాలి, లేదంటే ఏడాదికే తలుపు కదలదు.

గాలి ఎంత బలంగా తోస్తాదో ఒక్కసారి లెక్కేస్తే ఎవరికైనా అర్థమవుతాది. గంటకి 180 కిలోమీటర్లు అంటే సెకనుకి 50 మీటర్లు, భవనాల మీద గాలి ఒత్తిడికి ఇండియన్ స్టాండర్డ్‌లో విశాఖపట్నానికి రాసుకున్న వేగం కూడా ఇదే. ఈ వేగంలో చదరపు మీటరు మీద సుమారు 1500 న్యూటన్లు పడుతాది, అంటే మన లెక్కలో 150 కిలోలు. నాలుగడుగులకి నాలుగడుగుల కిటికీ ఒకటిన్నర చదరపు మీటర్లు ఉంటాది కాబట్టి దాని మీద 220 కిలోల పైనే, అంటే ముగ్గురు మనుషులు ఒకేసారి ఆనుకున్నట్టు, పైగా నిలకడగా కాకుండా తోస్తూ వదులుతూ తోస్తూ వదులుతూ. దానికి తోడు ఎగిరొచ్చే మట్టలు, రేకు ముక్కలు, చిన్న రాళ్ళు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో తీరం దాటినప్పుడు విజయనగరంలో మా అక్క వాళ్ళ వీధిలో కూడా పగిలినవన్నీ పెద్ద పెద్ద కిటికీలే, చిన్నవి చాలా మటుకు నిలబడ్డాయి. 2013లో ఫైలిన్ కూడా అక్టోబరు 12నే ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర దాటింది. అక్టోబరు వచ్చిందంటే మన వైపు గుండెలు అలగే కొట్టుకుంటాయి, కిటికీ సైజు డిజైన్‌లో గీసేటప్పుడే ఇది గుర్తుంటే మంచిది. ఒకే పెద్ద పలక కన్నా మధ్యలో నిలువు పట్టీతో రెండు పలకలు చేస్తే అదే గ్లాసు చాలా ఎక్కువ ఓర్చుకుంటాది, దానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

టఫెండ్ గ్లాసు సంగతి. సాదా గ్లాసునే 600 డిగ్రీల పైన కాల్చి ఒక్కసారిగా గాలితో చల్లారుస్తారు, దాంతో పైపొర బిగుసుకుపోయి మామూలు దానికన్నా నాలుగైదు రెట్లు బలం వస్తాది. పగిలినా కత్తుల్లాంటి ముక్కలు కాకుండా పటికబెల్లం పలుకుల్లా చిన్న చిన్నవిగా రాలిపోతాది, గీసుకుంటాయి గానీ దిగబడవు. బాల్కనీ తలుపులకి, నేల నుంచి రెండున్నర అడుగుల లోపే మొదలయ్యే కిటికీలకి, మెట్ల దగ్గర నిలువు గ్లాసుకి, షవర్ దగ్గర పార్టిషన్‌కి ఇది తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం, ఇంట్లో చంటి పిల్లలు గానీ పెద్దవాళ్ళు గానీ ఉంటే ఇంక ఆలోచించకండి.

కానీ దీనికి ఒక పెద్ద షరతు ఉంది, కాల్చాక దాన్ని కొయ్యడం కుదరదు, రంధ్రం వెయ్యడం కుదరదు, అంచు అరగదియ్యడం కూడా కుదరదు, ప్రయత్నిస్తే మొత్తం రాలిపోతాది. మాకు ఇది బాగా నేర్పించారు. కిటికీల కింద గ్రానైట్ ఇంకా వెయ్యకముందే కొలతలు తీసుకుని ఆర్డర్ పెట్టేశారు, మాది విశాఖ నుంచి రావాలి, పది రోజులకి వచ్చింది, ఈలోగా తాపీ మేస్త్రి గ్రానైటు వేసేశాడు, బాల్కనీ తలుపు రెండు పలకలూ ఎత్తులో ముప్పావు అంగుళం ఎక్కువయ్యాయి. కొలిచినోడు మేస్త్రిని అంటాడు, మేస్త్రి కొలిచినోణ్ణి అంటాడు, డబ్బులు మాత్రం మావి పోయాయి. అందుకని గ్రానైటు, ప్లాస్టరింగు, ఫ్రేము మూడూ పూర్తయి బిగిశాకే టేపు పెట్టించండి, నిలువు రెండు వైపులా, అడ్డం పైనా కిందా, ఐమూల కూడా, ఐమూలలు రెండూ సమానంగా రాకపోతే ఫ్రేము వంకర ఉన్నట్టే.

టఫెండ్ అని చెప్పి సాదాది అంటగట్టకుండా చూసుకోవడం ఎలగ అంటే, మూలలో చిన్నగా చెక్కిన ముద్ర ఉంటాది, ఐఎస్ 2553 నంబరుతో ఐఎస్ఐ మార్కు, అది స్టిక్కరు కాదు, గోటితో గీకితే పోదు. ఇంకో చిట్కా, పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్ ఉంటే పెట్టుకుని ఆకాశం వైపు ఆ గ్లాసు ఏటవాలుగా చూడండి, మబ్బు మచ్చల్లా చారల్లా కనిపిస్తాయి, సాదా గ్లాసులో ఏమీ కనపడవు. ఆ మచ్చలు చూసి లోపం అనుకుని వెనక్కి పంపేవాళ్ళు ఉన్నారు, అది లోపం కాదు, కాల్చి చల్లార్చినందుకు గుర్తు. నిజంగా ఉన్న లోపం ఒకటుంది, చాలా అరుదుగా గ్లాసులో నికెల్ సల్ఫైడ్ అనే కణం ఉండిపోతే ఎవరూ ముట్టుకోకుండానే ఒకరోజు పగిలిపోతాది, హీట్ సోక్ టెస్ట్, అంటే అలాంటివి ముందే పగిలిపోయేలా ఫ్యాక్టరీలోనే మళ్ళీ వేడి చేసి చూడటం, అది చేసినదైతే ఆ భయం బాగా తగ్గుతాది, తల మీద ఉండే గ్లాసులకి తప్పకుండా అడగండి. ఇంకోటి, టఫెండ్ అంటే వేడి ఆపుతాది అని షాపులో కొందరు చెప్తారు, ఆపదు. బలం వేరు, చలువ వేరు.

లామినేటెడ్ దగ్గరకి వద్దాం, నాకు మనసు బాగా పట్టింది దీని మీదే. రెండు గ్లాసుల మధ్య పీవీబీ అనే జిగురు పొర పెట్టి అతికిస్తారు, కారు ముందు అద్దం ఇలగే ఉంటాది. ఆ పొర 0.38 మిల్లీల లెక్కన 0.76, 1.52 అని పెరుగుతూ ఉంటాది. పగిలితే సాలెగూడులా చిట్లుతాది గానీ ముక్కలు పొరకే అంటుకుని కిటికీలోనే ఉండిపోతాయి. టఫెండ్‌కీ దీనికీ తేడా తుఫానులోనే తెలుస్తాది. మట్ట వచ్చి కొడితే టఫెండ్ మనల్ని గాయం నుంచి కాపాడుతాది గానీ కిటికీ ఖాళీ అయిపోతాది, గాలి లోపలికొచ్చి కప్పుని కింద నుంచి పైకి తోస్తాది, మా అమ్మావాళ్ళ రేకులు లేచింది అలగే. లామినేటెడ్ అయితే చిట్లినా అడ్డుగా నిలబడుతాది, ఆ రాత్రి గడిస్తే చాలు కదా, మార్చుకోవడం తరవాత సంగతి. అందుకే కళింగపట్నం, భావనపాడు, బారువ, చింతపల్లి లాంటి సముద్రానికి దగ్గర ఊళ్ళలో కట్టుకునేవాళ్ళకి, పైన రేకుల షెడ్డు ఉన్నవాళ్ళకి గాలి కొట్టే వైపు రెండు మూడు కిటికీలకైనా ఇదే వేసుకోమని చెప్తాను. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గరే దాటింది, అది తిత్లీ అంత బలమైనది కాకపోయినా ఎన్నిసార్లు మన మీదకే వస్తున్నాయో చూడండి.

దీనికి ఇంకో రెండు లాభాలు, ఎండలోని అల్ట్రావయొలెట్‌ని దాదాపు మొత్తం ఆపేస్తాది కాబట్టి సోఫా గుడ్డ, చెక్క పాలిష్ వెలిసిపోవు, రోడ్డు మోత కూడా తగ్గుతాది. బిగించేటప్పుడు ఒక్క జాగ్రత్త, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఉంటాది చూడండి, చవకది, అది అంచుల్లో పొరని తినేస్తాది, తరవాత అంచు చుట్టూ తెల్లగా బుడగల్లా వస్తాది. న్యూట్రల్ సిలికాన్ అని ట్యూబు మీద రాసున్నదే వాడమనండి. లామినేటెడ్ అవునో కాదో తెలుసుకోడానికి అంచు చూస్తే చాలు, రెండు పలకల మధ్య సన్నటి గీత కనపడుతాది, అందుకని ఫ్రేములో పెట్టకముందే చూడాలి.

గ్లాసు ఎంత గట్టిదైనా ఫ్రేము వదులైతే లాభం లేదు. హుద్‌హుద్ అప్పుడు అక్క వాళ్ళ స్లైడింగ్ తలుపు ఒకటి పగలకుండా పలక పలకంతా ట్రాక్ లోంచి లేచొచ్చేసింది. స్లైడింగ్‌లో గాలికి, వాననీటికి దారి ఎప్పుడూ కొంచెం ఉంటాది, రెక్క తలుపులు, అంటే బయటికి తెరుచుకునేవి, రబ్బరు మీద బిగుసుకుంటాయి కాబట్టి వాన చినుకు రాదు. ఏది వేసినా కింద ట్రాక్‌లో నీళ్ళు పోవడానికి రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి, పెయింటు వేసేవాళ్ళు పుట్టీతో మూసేస్తుంటారు. తుఫాను ముందు గ్లాసు మీద ఇంటూ మార్కులా టేపు అంటించే అలవాటు ఉంది కదా, దాని వల్ల గ్లాసుకి ఏమీ బలం రాదు, ఆ టైములో బయట నుంచి ప్లైవుడ్ ముక్క బిగించుకోవడం మేలు, దానికి ముందే ఫ్రేము పక్కన నాలుగు ఫాస్టనర్లు వేయించుకుంటే అప్పటికప్పుడు వెతుక్కోక్కర్లేదు.

ఇప్పుడు ఎండ. ఇక్కడే షాపులో మనల్ని బాగా అయోమయంలో పడేస్తారు. సాదా 6 మిల్లీ గ్లాసు ఎండ వేడిలో 80 శాతం పైనే లోపలికి పంపేస్తాది. టింటెడ్, అంటే గ్లాసు లోపలే రంగు కలిసినది, సుమారు 60 శాతం పంపుతాది, మిగతా వేడిని తనే పీల్చుకుంటాది, మధ్యాహ్నం మూడింటికి పడమర టింటెడ్ గ్లాసు మీద చెయ్యి పెట్టి చూడండి, పెనం వేడెక్కినట్టు ఉంటాది, ఆ వేడిలో కొంత మళ్ళీ గదిలోకే వస్తాది. రంగుల్లో కూడా తేడా ఉంది, గ్రే, బ్రాంజ్ వేస్తే వెలుతురు బాగా తగ్గి పగలే లైటు వేసుకోవాలి, లేత ఆకుపచ్చ అయితే వెలుతురు ఎక్కువ వచ్చి వేడి తగ్గుతాది, చూడ్డానికి అంత స్టైలుగా ఉండదని ఎవరూ అడగరు గానీ నాకైతే అదే నచ్చింది. ముదురు టింటెడ్ సాదాగా, కాల్చకుండా వేస్తే ఇంకో ఇబ్బంది, పైసగం సన్‌షేడ్ నీడలో చల్లగా, కింద సగం ఎండలో కాలిపోతూ ఉంటే ఆ తేడాకే అంచు నుంచి చిట్లుతాది. ముదురు రంగు వెయ్యాలనుకుంటే టఫెండ్ చేయించండి.

రిఫ్లెక్టివ్ గ్లాసు వేడి ఇంకొంచెం ఎక్కువ ఆపుతాది, ఎండని అద్దంలా తిప్పి కొడతాది కాబట్టి. కానీ చాలామంది దీన్ని వేయించుకునేది వేడి కోసం కాదు, బయటోళ్ళకి లోపల కనపడకూడదని. అది పగలు మాత్రమే పనిచేస్తాది. రాత్రి లోపల లైటు వేసి బయట చీకటిగా ఉంటే మొత్తం తిరగబడిపోతాది, వీధిలోంచి మీ మంచం దాకా కనపడుతాది. మా పక్కింటి పిన్నిగారు బెడ్‌రూముకి ఇదే వేయించుకుని కర్టెన్లు అక్కర్లేదనుకున్నారు, ఒకరోజు సందు చివర నుంచి నడిచొస్తూ నేనే గమనించి ఆ రాత్రే వెళ్ళి చెప్పాను, పాపం ఆవిడ మొహం చూడలేకపోయాను. పగటి మరుగు కోసం రిఫ్లెక్టివ్ వేసుకున్నా రాత్రికి కర్టెన్ తప్పదని తెలిసి వేసుకోండి. ఇరుకు సందుల్లో అయితే మీ గ్లాసు మీద పడ్డ ఎండ ఎదురింటి వాళ్ళ హాల్లోకి కొడతాది, అదీ ఆలోచించండి.

ఈ అన్నిటికన్నా ముందు నీడ. గ్లాసు దాటాక కర్టెన్ ఆపే వేడి కన్నా గ్లాసు తాకకముందే సన్‌షేడ్, చెట్టు, వెదురు తడక ఆపే వేడి చాలా ఎక్కువ. మన శ్రీకాకుళం 18.3 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, అందుకని మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా సూర్యుడు నడినెత్తి కన్నా కొంచెం ఉత్తరం పక్కకి ఉంటాడు. ఉత్తరం కిటికీకి ఎండే రాదు అని చాలామంది సన్‌షేడ్ మానేస్తారు, వేసవిలో పొద్దున్నా సాయంత్రమూ ఏటవాలుగా వస్తాది. దక్షిణం కిటికీకి చలికాలంలో ఎండ లోపలికి దూరుతాది, అప్పుడు అది హాయిగానే ఉంటాది. అరసవల్లిలో మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకుతాయని ఎంత చక్కగా లెక్కేసి కట్టారు మన పెద్దలు, మనం కనీసం మన బెడ్‌రూములోకి ఏ నెలలో ఎండ వస్తాదో చూసుకుని గ్లాసు కొనొచ్చు కదా. నిజంగా కష్టమైంది పడమర గోడ ఒక్కటే, సాయంత్రం ఎండ అడ్డంగా వస్తాది కాబట్టి సన్‌షేడ్ పెద్దగా ఆపలేదు, వేడి ఆపే గ్లాసుకి డబ్బులు పెట్టాలంటే అక్కడే పెట్టండి.

డబుల్ గ్లాసు గురించి అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. రెండు పలకల మధ్య 12 మిల్లీ వరకు ఖాళీ వదిలి అంచులు సీల్ చేస్తారు, దాంట్లో 'లో-ఈ' (Low-E) అనే, వేడిని తిప్పికొట్టే సన్నటి కోటింగ్ ఉన్నది వేస్తే వేడి బాగా ఆగుతాది, వెలుతురు కూడా పోదు. మంచి రకం లో ఈ కోటింగ్ గాలి తగిలితే పాడవుతాది, డబుల్ గ్లాసు లోపల తప్ప విడిగా వెయ్యలేం, మన ఎండకి ఆ కోటింగు బయటి పలక లోపలి వైపు ఉండాలి, చలి దేశాలకి చేసేది వేరేగా ఉంటాది, ఆర్డర్‌లో ఇది రాయించుకోవాలి. వచ్చింది అసలుదో కాదో చూడ్డానికి రాత్రి పూట గ్లాసు ముందు అగ్గిపుల్ల వెలిగించండి, నాలుగు మంటలు కనపడతాయి, వాటిల్లో ఒకటి వేరే రంగులో ఉంటే కోటింగ్ ఉన్నట్టు.

అయితే ఇది అందరికీ కావాలా అంటే నేను వద్దనే అంటాను. రోజంతా ఏసీ నడిచే గదికి దీని విలువ ఉంటాది. తేమ రాత్రుల్లో ఏసీ గది కిటికీ బయట వైపు చెమట పట్టినట్టు నీళ్ళు కారి చెక్క ఫ్రేము ఉబ్బిపోతుంటాది చూడండి, డబుల్ గ్లాసుకి అది తగ్గుతాది. సాయంత్రం ఐదయితే కిటికీలన్నీ తెరిచి సముద్రం గాలి తీసుకునే ఇళ్ళకి ఇంత ఖర్చు దేనికి, తెరిచిన కిటికీకి ఒక పలకున్నా రెండున్నా ఒకటే. పైగా సీల్ పోతే తేమ లోపలికి వెళ్ళి మధ్యలో మంచు పట్టినట్టు అవుతాది, అది తుడవలేం, మొత్తం యూనిట్ మార్చాలి. ఫ్రేము కూడా ఆ మందానికి పట్టాలి, 5 మిల్లీలు రెండు, మధ్యలో 12 అంటే 22 మిల్లీలు, మామూలు అల్యూమినియం సెక్షన్‌లో దూరదు.

మోత కోసమే అయితే ఇంకో దారి ఉంది. అక్క వాళ్ళిల్లు విజయనగరంలో రైలు పట్టాలకి దగ్గర, పొద్దున్న నాలుగింటికి గూడ్సు వెళ్తే మంచం అదిరేది. డబుల్ గ్లాసు వేయిద్దామనుకుని ముందు ఒక్క బెడ్‌రూముకి రెక్క తలుపు కిటికీ, మంచి రబ్బరు, లామినేటెడ్ గ్లాసు వేయించి చూశారు, దానికే సరిపోయింది, ఇప్పుడు రైలు వచ్చిందని తెలుస్తాది గానీ మెలకువ రాదు. శబ్దం ఎక్కువగా వచ్చేది గ్లాసులోంచి కాదు, సందుల్లోంచి. ఆమదాలవలస వైపు పట్టాల దగ్గరున్నవాళ్ళు, హైవే పక్కనున్నవాళ్ళు ముందు ఇది ప్రయత్నించండి.

బాత్రూముకి పెద్దగా ఆలోచించక్కర్లేదు, చిన్న చిన్న బొడిపెలుండే పిన్‌హెడ్ గానీ మసకగా ఉండే ఫ్రాస్టెడ్ గానీ. ఫ్రాస్టెడ్‌లో ఇసుకతో గరుకు చేసిన రకం నీళ్ళు పడితే కొంచెం పారదర్శకంగా అయిపోతాది, గరుకు వైపు నీళ్ళు తగలని పక్కకి పెట్టించుకోండి. లూవర్లు, అంటే అడ్డంగా పేర్చిన సన్నటి గాజు పట్టీలు, గాలికి బాగుంటాయి గానీ తుఫాను వానకి నీళ్ళు ఆపలేవు, అంచులు అరగదీసి ఉన్నాయో లేదో వేలితో చూసి తీసుకోండి.

గ్లాసు బిగించాక పాడు చేసేవి రెండు, సిమెంటు నీళ్ళు, బోరు నీళ్ళు. సిమెంటు చుక్క గ్లాసు మీద ఎండితే తినేస్తాది, ఎంత రుద్దినా మచ్చ పోదు, అందుకని పైన పని ఉంటే పాలిథిన్ కప్పి ఉంచండి. ఉప్పు బోరు నీళ్ళతో కడిగి అలగే ఆరనిస్తే తెల్ల చుక్కలు పేరుకుపోతాయి, కడిగాక పొడి గుడ్డతో తుడవాలి. సముద్రం దగ్గరైతే పదిహేను రోజులకి ఒకసారి మంచి నీళ్ళతో ఉప్పు కడగండి, గ్లాసు కన్నా గ్రిల్‌కి, రోలర్లకి అది ఎక్కువ అవసరం, రోలర్లు స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి. షాపులో పలకలు వానలో తడిసి ఒకదాని మీద ఒకటి ఉండిపోయినవి అయితే ఇంద్రధనస్సు రంగుల్లో మసక కనపడుతాది, అది తుడిస్తే పోయే మురికి కాదు, తీసుకోకండి.

చివరికి మేం ఏం వేయించామంటే, బాల్కనీ తలుపుకి, మెట్ల దగ్గర గ్లాసుకి టఫెండ్, తూర్పు వైపు గాలి కొట్టే హాలు కిటికీలు రెండింటికీ లామినేటెడ్, పడమర బెడ్‌రూముకి లేత ఆకుపచ్చ టింటెడ్‌ని టఫెండ్ చేయించి బయట వెదురు తడక, మిగతా వాటికి 5 మిల్లీ సాదా, బాత్రూములకి పిన్‌హెడ్. మొత్తం ఇంటికి బ్లూ రిఫ్లెక్టివ్ వేసుంటే అయ్యే ఖర్చుకి పెద్ద తేడా రాలేదు, ఎందుకంటే సగం కిటికీలు సాదా వాటితోనే సరిపోయాయి. ధర ప్రకారం చూస్తే సాదా అన్నిటికన్నా తక్కువ, తరవాత టింటెడ్, తరవాత టఫెండ్, ఆ పైన లామినేటెడ్, అన్నిటికన్నా పైన డబుల్ గ్లాసు.

బేరం ఆడేటప్పుడు అడుగు ధర ఒక్కటే అడక్కండి, కొలత ఎలగ లెక్కేస్తారో అడగండి. మాకు 21 అంగుళాల పలకకి 24 లెక్క వేశారు, అడుగుకి తక్కువ చెప్పిన షాపు చివరికి ఎక్కువైంది. అంచు పాలిష్, రంధ్రాలు, రవాణా, దారిలో పగిలితే ఎవరిది, ఇవన్నీ బిల్లు మీద రాయించుకోండి, మందం, రకం కూడా, ఉట్టి గ్లాసు అని రాసిస్తే తీసుకోకండి. టఫెండ్, లామినేటెడ్ పలకల కొలతలు కిటికీ వారీగా ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోండి, మేం ఆ కాగితం కరెంటు మీటరు బోర్డు తలుపు లోపల అంటించాం. రేపు ఒకటి పగిలితే మళ్ళీ ఎవరో వచ్చి కొలిచేదాకా ఆగక్కర్లేదు, ఫోన్‌లోనే నంబరు చెప్పి ఆర్డర్ పెట్టెయ్యొచ్చు, పెద్ద తుఫాను తరవాత అయితే జిల్లా జిల్లా అంతా అదే షాపుల ముందు ఉంటాది కదా మరి.